మంగళవారం మాత్రమే మొరాయించే కారు

మా ఇంట్లో తెల్లవారుజామున నాలుగున్నరకి అలారం మోగుతుంది. మంగళ, గురు, శనివారాల్లో. ఆ మూడు రోజులూ మామయ్యగారికి డయాలిసిస్. దమ్మాయిగూడలో అయిదున్నరకి బయల్దేరితే ఈసీఐఎల్ చౌరస్తా, మల్లాపూర్, నాచారం మీదుగా ఉప్పల్ వైపున్న ఆసుపత్రికి ఆరుంబావుకల్లా చేరిపోతాం. ఆరున్నరకి మొదటి బ్యాచ్ మొదలు. ఆ టైముకి మన మనిషి కుర్చీలో లేకపోతే ఆ కుర్చీ వేరేవాళ్ళకి ఇచ్చేస్తారు. వాళ్ళని తప్పుపట్టడానికి లేదు, బయట అంతమంది ఉంటారు.

మొదట్లో మా వారే తీసుకెళ్ళేవారు. దసరా తర్వాత ఆయనకి ఫస్ట్ షిఫ్ట్ పడింది. అయిదింటికే బండి మీద వెళ్ళిపోవాలి. ఇక చేసేదేముంది, నలభై మూడేళ్ళ వయసులో నేను డ్రైవింగ్ నేర్చుకున్నాను. నేర్చుకునేటప్పుడు పడ్డ తిప్పలు ఇదివరకే రాశాను, మళ్ళీ చెప్పను. గేటుకి కారు గీసిన సంగతి మాత్రం ఇప్పుడు చెప్పాలి, ఎందుకంటే ఈ కథంతా అక్కడే మొదలైంది. ఆ సంగతి నాకు చాలా ఆలస్యంగా తెలిసింది, అంతే.

జనవరి ఆఖరి మంగళవారం. మామయ్యగారిని మెల్లగా నడిపించుకొచ్చి ముందు సీట్లో కూర్చోబెట్టి, బెల్టు పెట్టి, దుప్పటి కప్పి, నేను కూర్చుని కీ తిప్పాను. టక్ టక్ టక్ అంది. అంతే. మళ్ళీ తిప్పితే ఆ టక్ టక్ కూడా లేదు. డాష్‌బోర్డు మీద దీపాలు ఆవలిస్తున్నట్టు వెలిగి ఆరిపోయాయి.

ఆ టైములో మా వైపు క్యాబ్ దొరకడం ఎంత కష్టమో ఇక్కడుండేవాళ్ళకి తెలుసు. ఒకడు ఒప్పుకుని క్యాన్సిల్ చేశాడు, ఇంకొకడూ అంతే. చివరికి మెయిన్ రోడ్డు దాకా మావాడు పరిగెత్తి ఒక ఆటో పట్టుకొచ్చాడు. ఆ చలిలో, ఆ గుంతల్లో ఆయన్ని ఆటోలో తీసుకెళ్ళేసరికి ఏడూ నలభై. కుర్చీ పోయింది. రెండో బ్యాచ్‌లో ఎక్కించారు. అప్పటిదాకా ఆయన ఆసుపత్రి బెంచీ మీద కూర్చుని మూతి తెరిచి ఊపిరి పీలుస్తూనే ఉన్నారు. పాదాలు వాచిపోయి చెప్పులు పట్టలేదు.

డయాలిసిస్ సంగతి తెలియనివాళ్ళ కోసం ఒక మాట. కిడ్నీలు పనిచేయని మనిషికి తాగిన నీళ్ళు దాదాపు ఒంట్లోనే ఉండిపోతాయి. మిషన్ మీద నాలుగు గంటలు పెట్టినప్పుడే బయటికి వస్తాయి. మంగళ, గురు, శనివారాల వాళ్ళకి మధ్యలో ఒక్కో రోజు ఖాళీ. కానీ శనివారం అయ్యాక ఆదివారం, సోమవారం రెండు రోజులు ఖాళీ. అందుకే మంగళవారం వచ్చేసరికి ఒంట్లో నీరు, పొటాషియం అన్నిటికన్నా ఎక్కువగా చేరి ఉంటాయి. "ఏ రోజు ఆలస్యమైనా మంగళవారం మాత్రం ఆలస్యం చేయొద్దమ్మా" అని సిస్టర్ మొదటి నెలలోనే నాకు చెప్పింది.

ఆ రోజు సాయంత్రం ఇల్లు రణరంగం అయింది.

మా వారు షిఫ్ట్ నుంచి వచ్చి సంగతి విని నేరుగా మావాడి గదిలోకి వెళ్ళారు. మావాడు ఇంటర్ రెండో సంవత్సరం. ఇంట్లో టీవీ గోల, వచ్చే పోయే చుట్టాల గోల పడలేక అప్పుడప్పుడు కారులో కూర్చుని చదువుకునేవాడు. చదువుతో పాటు పాటలు కూడా వినేవాడు, అందులో దాపరికం లేదు.

"రాత్రంతా పాటలు పెట్టి బ్యాటరీ దింపేశావు. తాతయ్య ప్రాణం మీదికి తెచ్చావు" అన్నారు ఆయన.

"నాన్నా, నేను రెండు రోజుల నుంచి కారు ముట్టుకోలేదు. అయినా ఆ స్క్రీన్ కీ తీసేసినా పనిచేస్తూనే ఉంటుంది నాన్నా, కావాలంటే..."

"అంటే కీ లేకుండా కూడా కూర్చుని వింటున్నావన్నమాట!"

వాడు నోరు మూసుకున్నాడు. నా వైపు చూశాడు. నేను పప్పు గిన్నె దించుతున్నాను. నిజం చెప్పాలంటే నాకూ వాడేనేమో అనిపించింది. పొద్దుటి నుంచీ పడ్డ భయమంతా ఎవరి మీదో ఒకరి మీద దించుకోవాలని ఉంది. "ముందు చదువు మీద దృష్టి పెట్టు" అన్నాను. కారు కీ మా వారి బీరువా లాకర్‌లోకి వెళ్ళింది. వాడు మాతో మాట్లాడటం తగ్గించేశాడు. అడిగినదానికి ఊ, ఆ. అన్నం ప్లేటు గదిలోకి తీసుకెళ్ళడం మొదలుపెట్టాడు.

తర్వాతి మంగళవారం మళ్ళీ అదే టక్ టక్. మా సందులో క్యాబ్ నడిపే తమ్ముడొకడున్నాడు. అతన్ని లేపితే తన కారు తెచ్చి, వైర్లు కలిపి మా కారు స్టార్ట్ చేయించాడు. టైముకి చేరాం. వచ్చాక మెకానిక్‌కి చూపిస్తే, "బ్యాటరీ అయిపోయింది మేడం, కొత్తది వేయించేయండి" అన్నాడు. శుక్రవారం కొత్త బ్యాటరీ వేయించాం. అయిదు వేల పైమాటే. ఆ నెల చీటీ డబ్బులు అందులోకి పోయాయి.

కొత్త బ్యాటరీతో మొదటి మంగళవారం కారు స్టార్ట్ అయింది, కానీ ముసలాయన మంచం మీద నుంచి లేచినట్టు లేచింది. ఆ పై మంగళవారం అసలు లేవలేదు.

ఈసారి మావాడి మీద నెట్టడానికి లేదు. కీ లాకర్‌లో ఉంది. మా వారు ఏమీ అనలేదు, కానీ వాడితో "నీ తప్పు కాదురా" అని కూడా అనలేదు. నేనూ అనలేదు. అత్తయ్య మాత్రం, "మంగళవారం రోజే ఆగుతోందంటే దిష్టే" అని నిమ్మకాయ, మిరపకాయలు గుచ్చి బంపరుకి కట్టారు. మామయ్యగారు నవ్వి, "మనకి శివుడు ఎదురుగా కీసరగుట్ట మీదే ఉన్నాడు కదే, ఇంకా దిష్టేంటి?" అన్నారు.

ఆ మాటలు వింటూ నేను పాల లెక్కలు రాసే క్యాలెండర్ ముందు నిలబడ్డాను. డయాలిసిస్ రోజుల చుట్టూ ఎర్ర సున్నాలు చుట్టి ఉంటాను. కారు ఆగిన రోజుల మీద ఇంటూ పెట్టాను. అన్నీ మంగళవారాలే. గురువారం ఒక్కటీ లేదు. శనివారం ఒక్కటీ లేదు.

అప్పుడు సిస్టర్ మాట గుర్తొచ్చింది. రెండు రోజుల ఖాళీ.

కారుకి కూడా శనివారం మధ్యాహ్నం నుంచి మంగళవారం తెల్లవారుజాము దాకా ఖాళీయే కదా! మామయ్యగారి ఒంట్లో నీరు చేరినట్టే, ఈ కారులోంచి ఏదో కారిపోతోంది. ఒక్క రోజు ఖాళీకి తట్టుకుంటోంది, రెండు రోజుల ఖాళీకి తట్టుకోలేకపోతోంది. బ్యాటరీ పాడైతే ఏ రోజైనా ఆగాలి. మంగళవారమే ఆగుతోందంటే, కారు నిద్రపోతున్నప్పుడు ఎవరో మెలకువగా ఉన్నారన్నమాట.

ఇంత తెలిశాక ఎవరిని అడగాలో కూడా తెలిసింది. మా పక్కింటి బాబాయిగారు. ఈసీఐఎల్‌లో ముప్పై ఏళ్ళకి పైగా చేసి రిటైరయ్యారు. మా చుట్టుపక్కల ఏ నాలుగో ఇంటి తలుపు తట్టినా ఒక ఈసీఐఎల్ మనిషి ఉండేవారట ఒకప్పుడు. 1967లో డాక్టర్ ఎ.ఎస్.రావుగారు ఆ సంస్థ పెట్టకపోతే ఈ వైపంతా ఇన్ని ఇళ్ళు ఉండేవే కావని బాబాయిగారు అంటారు. ఏఎస్ రావు నగర్‌కి ఆ పేరు ఆయనదే. మా చిన్నప్పటి ఈసీ టీవీ కూడా అక్కడిదే. బాబాయిగారి ఇంట్లో సోల్డరింగ్ ఐరన్, మల్టీమీటర్ ఇప్పటికీ దేవుడి గూటి పక్క అలమరలో ఉంటాయి.

క్యాలెండర్ చూపించాను. ఆయన కళ్ళజోడు పైకి తోసి నవ్వారు. "సగం పని నువ్వే చేశావు తల్లీ. మిగతా సగం కూడా నువ్వే చెయ్యి, నా మోకాళ్ళు వంగవు. నేను కుర్చీ వేసుకుని పక్కన కూర్చుంటా."

ముందు శనివారం సాయంత్రం బ్యాటరీ వోల్టేజీ చూడమన్నారు. కారు బ్యాటరీలో ఆరు గదులుంటాయట, ఒక్కోటి రెండు వోల్టుల పైచిలుకు. అన్నీ నిండుగా ఉంటే 12.6 దాకా చూపిస్తుంది. 12.2 చూపిస్తే సగం అయిపోయినట్టు. 12 కంటే కిందికి దిగితే ఇంజను తిప్పే శక్తి దాదాపు లేనట్టే. మనం 12 అంటే నిండుగా ఉందనుకుంటాం, కాదు. ఆ కాస్త అంకెల్లోనే అంతా ఉంది. శనివారం సాయంత్రం 12.5 ఉంది. ఆదివారం సాయంత్రానికి 12.3. కారు గేటు లోపలే ఉంది, ఎవరూ తలుపు కూడా తీయలేదు.

"కారుతోంది. ఎంత కారుతోందో ఇప్పుడు కొలుద్దాం" అన్నారు బాబాయిగారు.

ఆదివారం సాయంత్రం అందరూ ఇంట్లోనే ఉన్నారు. నేను బానెట్ ఎత్తుతుంటే, "ముందు గాజులు, ఉంగరాలు తీసెయ్యమ్మా" అన్నారు. బంగారం మంచి వాహకం. గాజు ఒక పక్క బ్యాటరీ ప్లస్‌కీ, ఇంకో పక్క కారు బాడీకీ తగిలితే క్షణంలో ఎర్రగా కాలి చెయ్యి కాలిపోతుంది. గాజులు, నల్లపూసలు తీసి అత్తయ్య చేతికిచ్చాను. ఆవిడ మొహం చిట్లించారు, కానీ ఏమీ అనలేదు.

స్పానర్ పెట్టి ముందు మైనస్ వైరు విప్పాను. ఎప్పుడైనా ముందు మైనస్సే విప్పాలి. ప్లస్ ముందు విప్పబోతే స్పానర్ బాడీకి తగిలి నిప్పులు వస్తాయి. ఆ విప్పిన వైరుకీ బ్యాటరీకీ మధ్య మల్టీమీటర్‌ని పెట్టాం. అంటే కారులోకి పోయే కరెంటంతా ఇప్పుడు మీటర్ గుండా పోవాలి, పాలవాడు పోసే పాలు మన కొలత గ్లాసు గుండా పోయినట్టు. మీటర్‌కి ఎర్ర వైరు 10 ఆంపియర్ల రంధ్రంలో పెట్టాలి. ఇలా పెట్టి ఉండగా పొరపాటున కూడా కీ తిప్పకూడదు. ఇంజను తిప్పేటప్పుడు వంద ఆంపియర్ల పైనే లాగుతుంది, మీటర్ ఫ్యూజు ఎగిరిపోతుంది. అందుకే కీ మా వారి జేబులోనే ఉంచమన్నారు.

మీటర్ మొదట రెండు ఆంపియర్ల పైన చూపించింది. నాకు కాళ్ళు వణికాయి. "ఆగు, వైరు మళ్ళీ కలిపావు కదా, కారు ఇప్పుడే నిద్ర లేచింది. పడుకోనియ్యి" అన్నారు. కార్లలో చిన్న చిన్న కంప్యూటర్లుంటాయి. అవి సర్దుకుని పడుకోవడానికి కొన్నిట్లో కొద్ది నిమిషాలు, కొన్నిట్లో అరగంట పడుతుందట. ఈలోగా టీ పెట్టి తెచ్చాను. వచ్చేసరికి అంకె దిగి ఒక దగ్గర నిలబడింది. 0.35.

"ఎంత ఉండాలి బాబాయిగారూ?"

"0.05 లోపు. గడియారానికి, లాక్‌కి అంతకన్నా ఎక్కువ అక్కర్లేదు."

పాల లెక్కల పుస్తకంలోనే లెక్క వేశాను. మా బ్యాటరీ 35 ఆంపియర్ అవర్లు. అంటే గంటకి ఒక ఆంపియర్ చొప్పున వాడితే 35 గంటలు వస్తుందని. గంటకి 0.35 అంటే రోజుకి 8.4. శనివారం మధ్యాహ్నం పన్నెండు నుంచి మంగళవారం అయిదున్నర దాకా 65 గంటలన్నర. దాదాపు 23 పోతాయి. శనివారం ఇంటికి వచ్చేటప్పటికే బ్యాటరీ నిండి ఉండదు, ఎందుకంటే ఉప్పల్ పోయి వచ్చే గంటా గంటన్నరలో పోయినదంతా తిరిగి రాదు. ఇక మంగళవారానికి మిగిలేదేముంది?

కొత్త బ్యాటరీ వేయించినా లాభం లేకపోవడానికి కారణం ఇదే. పగిలిన కుండలో కొత్త నీళ్ళు పోసినట్టు. పైగా ఇలా అడుగంటా ఖాళీ చేసి వదిలేస్తే లోపలి సీసం పలకల మీద తెల్లగా పొర గట్టిపడుతుందట, మన బోరు నీళ్ళ గిన్నెలకి పట్టినట్టు. తర్వాత చార్జింగ్ పెట్టినా పట్టుకోదు. మేము కొన్న అయిదు వేల బ్యాటరీ కూడా నెలరోజుల్లో పాడయ్యేదే.

"ఇక ఎవరు తింటున్నారో పట్టుకోవాలి. ఫ్యూజులు ఒక్కొక్కటే పీకు. ఒకటి పీకి, మీటర్ చూసి, మళ్ళీ అదే చోట పెట్టాకే రెండోది."

ఫ్యూజుల పెట్టె ఒకటి బానెట్ కింద, ఇంకోటి స్టీరింగ్ కింద. లోపలిది తీయాలంటే తలుపు తెరిచి ఉంచాలి. తలుపు తెరిస్తే కారు మళ్ళీ లేస్తుంది. దానికీ ఒక చిట్కా ఉంది. తలుపు గొళ్ళాన్ని స్క్రూ డ్రైవర్‌తో నొక్కితే అది టక్కున పడుతుంది, కారు తలుపు వేశారనుకుంటుంది. లోపలి దీపం మెల్లగా ఆరిపోయింది. మళ్ళీ పది నిమిషాలు ఆగాం. పని అయ్యాక హ్యాండిల్ లాగి గొళ్ళెం విడిపించాకే తలుపు వేయాలి, లేకపోతే గొళ్ళెం విరుగుతుంది.

నేను స్టీరింగ్ కింద తల పెట్టి వంగోవాలి. లైటు కావాలి. "లైటు ఎవరైనా పట్టుకోండి" అన్నాను. మా వారు లేవబోతుంటే మావాడు గదిలోంచి వచ్చి ఫోన్ టార్చ్ పట్టుకున్నాడు. ఎవరినీ చూడకుండా.

చీరకుచ్చిళ్ళు దోపుకుని, మెడ వంచి, ప్లాస్టిక్ పట్టకారుతో ఒక్కొక్క ఫ్యూజు పీకాను. ఎర్రది పది, నీలం పదిహేను, పసుపు ఇరవై. నేను పీకడం, బయట బాబాయిగారు అంకె చదవడం.

"0.35." పెట్టెయ్.

"0.35." పెట్టెయ్.

వైపర్లు కాదు. హారన్ కాదు. అద్దాలు కాదు. హెడ్‌లైట్లు కాదు. మా వారు అరుగు మీద నుంచి దిగి వచ్చి నిలబడ్డారు. మామయ్యగారు వరండాలో కుర్చీ ముందుకి లాక్కున్నారు. పది, పదకొండు ఫ్యూజులయ్యాయి. జవహర్‌నగర్ వైపు నుంచి గాలి తిరిగి చెత్త వాసన కొడుతోంది, అయినా ఎవరూ లోపలికి పోలేదు.

ఇంకో ఎర్రది పీకాను.

బాబాయిగారు వెంటనే చదవలేదు. తర్వాత మెల్లగా అన్నారు. "0.02."

పెట్టమన్నారు. పెడితే మళ్ళీ పైకి ఎక్కి కాసేపటికి 0.35. పీకితే 0.02. దొరికింది.

ఆ ఫ్యూజు మీద మూడు పనులున్నాయి. లోపలి దీపం, సెంట్రల్ లాక్, స్టీరియో. దీపం బల్బు తీసేశాం, మార్పు లేదు. బాబాయిగారు ఇంకా ఏదో ఆలోచిస్తున్నారు. టార్చ్ పట్టుకున్న చెయ్యి కదిలింది.

"స్క్రీన్ అమ్మా. నేను ఆ రోజే చెప్పాను. కీ తీసేసినా అది ఆగదు."

నేను తల ఎత్తలేకపోయాను. ఆ స్క్రీన్ పెట్టించింది నేను.

చెప్పాను కదా, డ్రైవింగ్ నేర్చుకునేటప్పుడు గేటుకి గీశానని. వెనక్కి తీయడం రావట్లేదని నవంబర్‌లో ఒక కారు డెకార్స్ దుకాణంలో రివర్స్ కెమెరా, పెద్ద స్క్రీన్ పెట్టించుకున్నాను. మా వారు వద్దన్నారు. నేనే పట్టుబట్టాను. కుర్రాడు గంటలో బిగించి ఇచ్చాడు. "కీ తీశాక ఈ బటన్ నొక్కండి మేడం, ఆగిపోతుంది" అన్నాడు. నేను రోజూ బుద్ధిగా నొక్కేదాన్ని. తెర నల్లబడేది. తెర నల్లబడితే ఆగిపోయినట్టే అనుకున్నాను.

స్క్రీన్ బయటికి లాగి చూపించారు బాబాయిగారు. అలాంటి స్టీరియోకి వెనక రెండు ప్లస్ వైర్లుంటాయట. పసుపుది బ్యాటరీ నుంచి ఎప్పుడూ వచ్చేది, టైము, సెట్టింగులు గుర్తుపెట్టుకోవడానికి. అది చాలా కొంచెమే తాగుతుంది. ఎర్రది కీ తిప్పినప్పుడు మాత్రమే వచ్చేది, "ఇక లే" అని చెప్పడానికి. మా దాంట్లో ఎర్రదీ పసుపుదీ కలిపి మెలిపెట్టి నల్ల టేపు చుట్టేశారు. అంటే అది నవంబర్ నుంచి ఒక్క రాత్రి కూడా పడుకోలేదు. తెర ఆరినా లోపల కంప్యూటర్ మెలకువగానే ఉంది.

మరి నవంబర్ నుంచి జనవరి దాకా ఎందుకు ఆగలేదు? అదీ నా దగ్గరే ఉంది. సంక్రాంతి దాకా ప్రతి ఆదివారం కీసర రోడ్డు మీద నేను ప్రాక్టీసుకి వెళ్ళేదాన్ని. బ్యాటరీ మధ్యలో కొంత నిండేది. చెయ్యి తిరిగిందని పండగ తర్వాత మానేశాను. మానేసిన రెండో వారానికి కారు ఆగింది.

టేపు విప్పి ఎర్ర వైరు వేరుచేయగానే మీటర్ 0.02కి పడిపోయింది. మర్నాడు ఒక ఎలక్ట్రీషియన్ వచ్చి ఆ ఎర్ర వైరుని కీతో వచ్చే లైనుకి కలిపాడు. అరగంట పని, మూడొందలు.

"బోట్లలో ఈ గొడవ ఇంకా పెద్దదమ్మా" అన్నారు బాబాయిగారు వైర్లు సర్దుతూ. "కారు ఆగితే దిగి తోస్తాం. నీళ్ళ మధ్య మోటారు బోటు ఆగితే ఎవరు తోస్తారు? అందుకని చాలా బోట్లలో ఇంజనుకి ఒక బ్యాటరీ, లైట్లకి, పంపులకి ఇంకో బ్యాటరీ పెడతారు. కట్టేసి దిగేటప్పుడు ఒక పెద్ద స్విచ్ తిప్పేసి దిగుతారు. లోపలికి వచ్చే నీళ్ళు తోడే పంపుకి మాత్రం లైను వదిలేస్తారు. ఏది పడుకోవాలో ఏది మెలకువగా ఉండాలో ముందే తేల్చుకుంటారు." ఆయన మాట నాకు బాగా నచ్చింది. ఇంట్లో రాత్రి గ్యాస్ ఆపి, ఫ్రిజ్ మాత్రం వదిలేసినట్టు.

బాబాయిగారు వెళ్ళాక మా వారు మావాడి దగ్గరికి వచ్చి నిలబడ్డారు. ఆయనకి క్షమాపణ చెప్పడం రాదు. పెళ్ళయి ఇరవై ఏళ్ళయింది, నాకు తెలుసు.

"నువ్వు మొదటి రోజే చెప్పావు కదరా" అన్నారు.

"చెప్పాను" అన్నాడు వాడు.

అంతే. ఇద్దరూ కాసేపు ఆ వైర్లకేసి చూస్తూ నిలబడ్డారు. తర్వాత ఆయన జేబులోంచి కీ తీసి టీవీ పక్క కొక్కేనికి తగిలించారు, ఎప్పుడూ ఉండే చోట.

నేను మాత్రం ఆ రాత్రి వాడి గదిలోకి వెళ్ళాను. "తప్పు నాది. స్క్రీన్ నాది, నువ్వు చెప్తుంటే వినకపోవడం కూడా నాదే. ఆ రోజు నువ్వు నా వైపు చూశావు, నేను చూడనట్టు ఊరుకున్నాను" అన్నాను. వాడు పుస్తకంలోంచి తల ఎత్తలేదు. "పర్లేదులే అమ్మా" అన్నాడు. కాసేపాగి, "తాతయ్యకి ఆ రోజు ఏమైనా అయ్యుంటే నేనే చేశానని అనుకునేవాళ్ళు కదా మీరంతా" అన్నాడు.

దానికి నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు. వాడు అబద్ధమాడలేదు, అదే నిజం. ఒక నల్ల టేపు కింద రెండు వైర్లు మెలిపడి ఉన్నందుకు, పదిహేడేళ్ళ పిల్లాడు జీవితాంతం మోయాల్సిన మాటొకటి మా ఇంట్లో పుట్టి ఉండేది. పక్కన కూర్చుని ప్లేటులో ఉన్న జామకాయ ముక్కలు ఇద్దరం తిన్నాం. మర్నాటి నుంచి అన్నానికి హాల్లోకి వచ్చాడు.

ఆ మంగళవారం అయిదున్నరకి మామయ్యగారిని కూర్చోబెట్టి, బెల్టు పెట్టి, కీ తిప్పాను. ఒక్క తిప్పుకే లేచింది. వెనక సీట్లో మావాడు కూర్చున్నాడు, పరీక్షలకి ఇంకా వారం ఉంది, తోడొస్తానన్నాడు. మామయ్యగారు డాష్‌బోర్డు మీద చెయ్యి వేసి తట్టారు.

"దీనికి జబ్బు నయమైంది. నాకే వారానికి మూడుసార్లు చార్జింగ్" అన్నారు.

మాకు నవ్వు ఆగలేదు. ఈసీఐఎల్ చౌరస్తా దాటేదాకా నవ్వుతూనే ఉన్నాం. ఆరూ పదికి ఆసుపత్రి గేటు ముందున్నాం.

మీ ఇంట్లో కూడా కారు ఎక్కువగా ఊరికే నిలబడి ఉంటే, పెద్దవాళ్ళ కోసమే ఉంచుకుని ఉంటే, ఒక చిన్న పని చేయండి. బయట దుకాణంలో ఏ స్క్రీన్ పెట్టించినా, ఏ కెమెరా పెట్టించినా, కీ తీసేశాక అది పనిచేస్తోందా అని అక్కడే నిలబడి చూడండి. పనిచేస్తుంటే డబ్బులు ఇవ్వకముందే వైరు మార్పించుకోండి. బ్యాటరీ దిగిపోతుంటే కొత్తది కొనేముందు ఎంత కారుతోందో కొలిపించండి. ఆగిన రోజుల్ని క్యాలెండర్ మీద రాసి పెట్టుకోండి.

ఇంట్లో చిన్నవాళ్ళు తిట్లు తింటూ మధ్యలో ఏదైనా చెప్పబోతే, ఆ వాక్యం పూర్తయ్యేదాకా ఆగండి. మావాడి వాక్యం "కావాలంటే" దగ్గర ఆగిపోయింది. "కావాలంటే వచ్చి చూడండి" అనబోయాడట. ఆ రోజు వెళ్ళి చూసి ఉంటే రెండు నిమిషాల పని.